గొంతులో వెండి గొట్టం

టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగం రాకముందే నేను వాగుడుకాయనని మా చుట్టాలంతా తీర్మానించేశారు. నాకు సంబంధాలు చూసేటప్పుడు మా నాన్న, అబ్బాయికి ఆస్తి లేకపోయినా ఫరవాలేదు, ఓపిగ్గా వినే చెవులుంటే చాలు అని మధ్యవర్తికి చెప్పాడట. అలాంటిదాన్ని డెబ్భైల మొదట్లో బెజవాడ ఎక్స్‌చేంజిలో ట్రంక్ కాల్స్ బోర్డు ముందు కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌సెట్ తగిలించి, మాట్లాడమ్మా, మాట్లాడినందుకే నీకు జీతం అన్నారు. ఇలాంటి ఉద్యోగం ఒకటుందని తెలిస్తే పుట్టగానే దరఖాస్తు పెట్టుకునేదాన్ని. బందరు లైన్లో ఉన్నారు మాట్లాడండి, రాజమండ్రి ఎంగేజ్ అండీ, మీ టైము అయిపోయింది పొడిగించమంటారా. పొద్దస్తమానం ఇదే పాట. ధాన్యం ధరలు, పెళ్ళి ముహూర్తాలు, చావు కబుర్లు అన్నీ నా గొంతు దాటుకునే వెళ్ళేవి. అయితే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కొన్నాళ్ళు పని చూసి అప్పుడు పర్మనెంటు చేస్తారు. ఆ చూసే రోజుల్లోనే నా దవడ పన్ను పుచ్చింది.

పన్నే కదా అనుకున్నాను. పీకించుకోమని మా ఆయన అంటూనే ఉన్నాడు. పన్ను పీకే కుర్చీ అంటే నాకు చచ్చేంత భయం. లవంగం కొరికిపెట్టుకుని, రెండో దవడతో నములుతూ, హెడ్‌సెట్లో మటుకు తేనె ఒలకబోస్తూ నెట్టుకొచ్చాను. ఒక ఆదివారం పొద్దున లేచేసరికి గడ్డం కింద గట్టిగా వాచింది. మధ్యాహ్నానికి నాలుక పైకి లేచి అంగిటికి అతుక్కుంది. నోరు తెరవలేను, మూయలేను, ఉమ్మి మింగలేను. సాయంత్రానికి ఊపిరి తీస్తుంటే తడి గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు. మా ఆయన నన్ను రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తించాడు.

మేము వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను వెనక ఒక వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆ గోడౌను షావుకారు దగ్గరే గుమస్తా. ఆ వీధిలో మనుషుల్ని చూసి కాదు, తుమ్ములు విని ఎవరొచ్చారో చెప్పొచ్చు. కొత్తవాళ్ళు అడుగుపెడితే పది తుమ్ములు, పాతవాళ్ళకి ఒకటి. తోపుడుబళ్ళు, బస్తాలు, హమాలీల కేకల మధ్య నుంచి రిక్షా బయటపడేలోపు నేను చచ్చిపోతానని నిజంగానే అనుకున్నాను. చావుకి కాదు భయం, ఒక్క మాట కూడా అనకుండా చచ్చిపోతున్నానే అని కడుపు మండిపోయింది.

ఆస్పత్రిలో గొంతు డాక్టరుగారు నన్ను చూడ్డం చూడ్డమే పడుకోబెట్టొద్దన్నారు. పంటి చీము నాలుక కిందికి దిగి ఊపిరి దారి మూసేస్తోంది, గొంతు కింద చిల్లు పెట్టి గొట్టం వెయ్యాలి, ఇప్పుడే, అన్నారు. మెడలో పుస్తెలతాడు అడ్డమొచ్చింది. తియ్యమంటే మా ఆయన గుటకలు మింగుతున్నాడు. అప్పుడు సిస్టరు తనే తాడు తీసి, నా ఎడమ మణికట్టుకి చుట్టి, పైన ప్లాస్టరు వేసి, మెడలో ఉన్నా చేతికి ఉన్నా మొగుడు ఒకడేగా అంది. ఆ తర్వాత ఒక సూది గుచ్చుకుంది, మెడ మీద ఎవరో గట్టిగా నొక్కుతున్నట్టయింది. ఉన్నట్టుండి చల్లటి గాలి రొమ్ములోకి దూసుకొచ్చింది. మే నెల బెజవాడలో నాకు అంత చల్లగాలి మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు. అమ్మయ్య అందామనుకున్నాను. పెదవులు కదిలాయి, గాలంతా గొట్టంలోంచే పోయింది. చప్పుడు లేదు.

గడ్డం కింద కూడా ఒక గాటు పెట్టి అక్కణ్ణుంచి చీము తీశారు. ఆ గాటుకి గుడ్డ కట్టు, కింద గొంతు గుంటలో గొట్టం. రెండూ పక్కపక్కనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు కొంప ముంచింది ఇదే.

డాక్టరుగారు పాస్టరుగారి అబ్బాయి. మాటల్లో ఆయన నాకు తీసిపోరు. రోజూ పొద్దున గొట్టం చూడ్డానికి వచ్చి, నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికి దాని చరిత్ర చెప్పేవారు. తిరిగి జవాబు చెప్పలేని శ్రోత దొరికితే ఎవరు మాత్రం వదులుతారు. ఊపిరి ఆడనివాడి మెడకి చిల్లు పెడితే బతుకుతాడని పాతకాలం వాళ్ళకి తెలుసట. తెలిసినా చెయ్యాలంటే భయమట. కోశాక రోగి పోతే, వైద్యుడు పీక కోసి చంపాడంటారు. కొయ్యకుండా పోతే రోగంతో పోయాడంటారు. అందుకని పేరుమోసిన వైద్యులు కూడా మంచం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడి, మనిషి నీలంగా మారిపోతుంటే చూస్తూ ఊరుకునేవారట. దీన్ని పీక కొయ్యడమనే పిలిచేవారట. తెగించిన వాళ్ళు రెల్లు పుల్ల, పక్షి ఈక, ఏది దొరికితే అది ఆ చిల్లులో పెట్టారట. తర్వాత కంఠసర్పి, అదే డిఫ్తీరియా, వచ్చిన పిల్లలకి చేసి కొందరిని బతికించాక గానీ లోకానికి నమ్మకం కుదరలేదట.

ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన కథ వేరే ఉంది. గొట్టంలో కఫం గడ్డకడుతుంది. తీసి కడుగుదామంటే చిల్లు మూసుకుపోతుంది, తీయకపోతే మనిషి పోతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ చిక్కుకి ఉపాయం చెప్పింది వైద్యుడు కాదట, ఒక పాదిరిగారట. గొట్టంలో ఇంకో గొట్టం దూర్చండి, లోపలిది తీసి కడగండి, బయటిది కదలకుండా ఉంటుంది అన్నాడట. నా మెడలో ఉన్నది కూడా అలాంటి జంట గొట్టమే, వెండిది. వెండి తుప్పు పట్టదు, ఒంటికి పడుతుంది. ఈ కథ చెప్పినప్పుడల్లా డాక్టరుగారి ముఖం వెలిగిపోయేది. మా నాన్నా పాస్టరేనమ్మా, ఆయన మటుకు నా లెక్కల మార్కుల గురించి తప్ప దేని గురించీ ఉపాయం చెప్పలేదు అనేవారు.

ఇంకో రోజు, ఎక్కడో యూరప్‌లో పోలియో వచ్చి జనం ఊపిరాడక రాలిపోతుంటే, మెడిసిన్ చదివే కుర్రాళ్ళు మంచం పక్కన వంతులు వేసుకుని కూర్చుని, మెడలోని గొట్టానికి తగిలించిన సంచిని చేత్తో నొక్కుతూ వాళ్ళకి ఊపిరి పోశారని చెప్పారు. రాత్రీ పగలూ, వారాల తరబడి. అది విని నాకు ఏడుపొచ్చింది. గొంతులో గొట్టం ఉంటే ఏడ్చినా వినపడదు, ముక్కు కారుతుందంతే. అది ఇంకో అవమానం.

మాట లేకపోతే మనిషికి ఎంత లోకువో అప్పుడు తెలిసింది. పలకా బలపం ఇచ్చారు. చూడ్డానికి వచ్చిన వాళ్ళలో సగంమంది నాకు చెవుడు కూడా వచ్చిందనుకుని గట్టిగా అరిచారు. మిగతా సగం నా ముందే నా గురించి మాట్లాడుకున్నారు. మా పక్కవాటా ఆవిడ అయితే, పోనీలే, మీ ఆయన చెవులకి కాస్త విశ్రాంతి అని పకపకా నవ్వింది. దానికి నేను పలక మీద రాసిన జవాబు చూసి సిస్టరు వెంటనే తుడిచేసింది. మా ఎక్స్‌చేంజి సూపర్‌వైజరమ్మ కమలాపళ్ళు పట్టుకుని వచ్చింది. మంచి మనిషే, కానీ మంచి మాటే నెమ్మదిగా కోస్తుంది. నెలాఖరుదాకా నీ సీటు ఎలాగోలా ఆపుతాను, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదమ్మా, గొంతు లేని ఆపరేటర్‌ని ఏ కాగితం మీద చూపించను అంది. ఆవిడ వెళ్ళాక పళ్ళు ముట్టుకోబుద్ధి కాలేదు.

గొట్టం తియ్యాలంటే ముందు ఒక పరీక్ష ఉంది. గొట్టం మూతికి బిరడా బిగిస్తారు. ఊపిరి పాతదారిన, అంటే ముక్కులోంచి వచ్చిందా, నెగ్గినట్టు. మాట కూడా వస్తుంది. రాలేదా, గొట్టం ఉంచాల్సిందే. వాపు తగ్గిందనుకున్నాక డాక్టరుగారు ఒక చిన్న బిరడా తెచ్చి, దారం కట్టి, భయపడకమ్మా అని మెల్లిగా బిగించారు. నాకు మళ్ళీ ఆ ఆదివారం సాయంత్రం, ఆ రిక్షా కళ్ళముందుకొచ్చాయి. ముక్కులోంచి గాలి వచ్చిందో లేదో కూడా చూసుకోలేదు. కాళ్ళు కొట్టుకున్నాను, సిస్టరు చెయ్యి రక్కాను, దారం పట్టుకుని బిరడా పీకి పారేశాను. రెండోసారి పెట్టబోతే ఆయన చొక్కా పట్టుకున్నాను. సరే, వాపు ఇంకా ఉందో, భయమే ఉందో తెలియడం లేదు, కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళి రండి, మళ్ళీ చూద్దాం అన్నారు. అప్పుడూ కాకపోతే గుంటూరు పంపి లోపల దీపం పెట్టి చూపిస్తామన్నారు. ఒక్కొక్కరికి ఏళ్ళ తరబడి గొట్టం ఉండిపోతుందని ఆయన చెప్పలేదు, నేనే పలక మీద అడిగితే తల ఊపారు.

ఇంటికి తీసుకెళ్ళడానికి మా అత్తయ్యగారు వచ్చింది. కూచిపూడి దగ్గర పల్లెటూరు వాళ్ళది, వ్యవసాయం. కబురు అందగానే నాట్లకి ఏర్పాట్లన్నీ మామయ్యగారి నెత్తిన పెట్టి బస్సెక్కింది. ఆవిడ నోట మాట రావాలంటే ముహూర్తం చూడాలి. నేను వంద అంటే ఆవిడ ఒకటి అంటుంది, ఆ ఒక్కటీ నా వందనీ కొట్టేస్తుంది. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి, పిల్ల బావుంది గానీ నోరెక్కువ అందట. ఆ మాట ఎవరో మోసుకొచ్చి నాకు చెప్పారు. అప్పట్నుంచీ ఆవిడంటే భయం, కోపం. ప్రేమ మటుకు లేదు, ఉందని ఇప్పుడు అబద్ధం చెప్పను.

ఇక్కడ మా ఆయన ఒక ఘనకార్యం చేశాడు. మావాళ్ళకి ఒక అలవాటుంది, పెద్దవాళ్ళకి చెడ్డ కబురు ఉన్నదున్నట్టు చెప్పరు. తలనొప్పంటే కాస్త నీరసమంటారు, ఆపరేషనంటే చిన్న గాటంటారు. కోడలు ముక్కుతో కాకుండా మెడలో చిల్లుతో ఊపిరి తీస్తోందంటే తల్లి గుండె ఆగిపోతుందని ఈ మహానుభావుడి భయం. అందుకని, ఆ గొట్టం లోపలి చీము బయటికి పోవడానికమ్మా, మాట రాకపోవడం ఆ వాపు వల్ల, వాపు తగ్గితే అదే వస్తుంది అని చెప్పాడు. గడ్డం కింద గాటు నుంచి ఇంకా చీము తడి వస్తూనే ఉంది కనక ఆవిడ నమ్మింది. నమ్మకేం, కళ్ళకి కనిపిస్తోంది. గొట్టం వెండిదని తెలిశాక మరీ సంతోషించింది. ఇనుము అయితే ఒప్పుకునేది కాదట. పుస్తెలు చేతికి కట్టిన సిస్టరుని మటుకు ప్రత్యేకంగా మెచ్చుకుని కొబ్బరికాయలు ఇచ్చి వచ్చింది.

ఇంట్లో రోజూ లోపలి గొట్టం తీసి వేడినీళ్ళలో మరిగించి మళ్ళీ పెట్టడం మా ఆయన వంతు. పొద్దున్నే షావుకారు దగ్గరికి వెళ్ళేముందు, ఊపిరి బిగబట్టి, దేవుడికి అభిషేకం చేస్తున్నంత శ్రద్ధగా చేసేవాడు. ఆ సమయంలో అత్తయ్యగారు వంటింట్లో ఉండేది, అది మగవాడు చూసుకునే పని అని తొంగి చూసేది కాదు. గొట్టం మీద తడి గుడ్డ వేసుకుని కూర్చునేదాన్ని. మిరపకాయల వీధిలో ఉండి తుమ్ము రాదు, వాసన తెలియదు. అన్నం రుచి లేదు. పప్పులో ఇంగువ వేశారో లేదో కూడా కంటితో చూసి తెలుసుకోవడం. అత్తయ్యగారికి చదువు రాదు కనక పలక ఆవిడ ముందు పనికిరాదు. నేను చేతులు తిప్పితే ఆవిడ తనకి తోచింది అర్థం చేసుకునేది. మంచినీళ్ళు అడిగితే మజ్జిగ ఇచ్చేది. అదీ తాగక తప్పేది కాదు.

శుక్రవారం వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చిన ముత్తైదువ తలంటు పోసుకోకుండా శుక్రవారం దాటితే ఇల్లు ఏమవుతుందని అత్తయ్యగారు పొద్దున్నే కాగు కింద మంట వెలిగించింది. మా ఆయన వెళ్తూ వెళ్తూ, ఆ గొట్టంలో మటుకు నీళ్ళు పోకూడదమ్మా, ప్రమాదం అని రెండుసార్లు చెప్పాడు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మాట కాదనే పద్ధతి లేదు, తలంటు వద్దని చెప్పే ధైర్యం అతనికీ లేదు. సిస్టరు చెప్పింది వేరే, మంచం అంచున తల వెనక్కి వాల్చి కడగాలని. నేను ఆ విధంగా తల వాల్చి చూపించాను, చేతులు అడ్డంగా ఊపాను. ఆవిడ నా చేతులు పట్టుకుని కిందికి దించి, నాకు తెలియదటమ్మా, జాగ్రత్త నేను చేస్తాగా అని పీట వేసింది.

నువ్వులనూనె వెచ్చబెట్టి మాడు మీద వేసి మర్దన మొదలుపెట్టింది. కలుపు తీసిన చేతులవి, గట్టివి. నేను మొండికేద్దామని కూర్చున్నదాన్ని కాస్తా ఆ చేతుల కింద మెత్తబడిపోయాను. వారాల తర్వాత మొదటిసారి ఒళ్ళు సుఖపడింది. కళ్ళు మూసుకున్నాను.

పొద్దున మా ఆయన పూలు తెచ్చాడు. బజార్లో పూలు తామరాకులో కట్టి ఇస్తారు. ఆ ఆకు పారేయకుండా అత్తయ్యగారు కడిగి పక్కన పెట్టుకుంది. తామరాకుకి నీళ్ళు అంటవని వేదాంతులకే కాదు, కృష్ణా జిల్లాలో ఎవరికైనా తెలుసు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, గొట్టం మీద పరిచి, పాత పంచె పేలిక మెడ చుట్టూ తిప్పి, వెనక ముడి వేసింది. చాలా గట్టిగా వేసింది. బస్తా మూతి కట్టే చెయ్యి మరి. నాకేం జరుగుతోందో తెలిసేలోపు కుంకుడు పులుసు నెత్తిన పోసింది.

ఊపిరి తీశాను. ఆకు గొట్టం మూతికి అతుక్కుపోయింది. గాలి లేదు.

మళ్ళీ తీశాను. లేదు. చేతులు మెడ మీదికి పోయాయి. ముడి ఎక్కడుందో దొరకలేదు. నా చేతులు లాగేసి, ఉండమ్మా, ఆకు జరిగితే నీళ్ళు పోతాయి అని ఆవిడ ఇంకో చెంబు పోసింది. పన్ను పీకే కుర్చీకి భయపడి ఇంత తెచ్చుకున్నాను, కుంకుడుకాయలకి పోతున్నాను అనిపించింది. చెప్పడానికి నోరు లేదు, కళ్ళ నిండా నురగ. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను దేవుణ్ణి తలుచుకోలేదు, మా ఆయన్ని తిట్టుకున్నాను.

ఇంక రొమ్ము పగిలిపోతుందనగా, ఎక్కడి నుంచో సన్నటి గాలి లోపలికి వచ్చింది. ముందు నేను పోల్చుకోలేదు. రెండోసారి ఇంకాస్త వచ్చింది. దానితో పాటు కుంకుడుకాయ వాసన వచ్చింది. ముక్కుకి. వెనకే నువ్వులనూనె వాసన, కట్టెల పొగ, గోడ అవతల మిరపకాయల ఘాటు అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చేశాయి. గట్టిగా తుమ్మాను.

“చిరంజీవ,” అంది అత్తయ్యగారు అలవాటుగా, చెంబు ముంచుతూ.

“కళ్ళు మండుతున్నాయి అత్తయ్యగారూ,” అన్నాను నేను.

“మండితే మూసుకో,” అంది.

చెంబు గాల్లోనే ఆగిపోయింది.  ఆవిడ నా ముందుకొచ్చి కూర్చుని, కొంగుతో నా ముఖం మీది నురగంతా తుడిచి, మళ్ళీ అను అంది. అన్నాను. గొంతు బొంగురుగా, ఎవరో ముసలి మనిషిదిలా ఉంది. అయినా నాదే. ఇక ఆగలేదు. మజ్జిగ వద్దు మంచినీళ్ళు కావాలన్నాను, ఇంగువ ఎక్కువేశారని వాసనే చెబుతోందన్నాను, పక్కవాటా ఆవిడకి చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయన్నాను. ఆవిడ నవ్వింది. పెళ్ళయినప్పట్నుంచి ఆవిడ పళ్ళు నేను అప్పుడే చూశాను. తలంటితే పోని రోగం ఉందటమ్మా అని, తడి తలకి తుండు చుట్టి, మా ఆయనకి కబురంపింది.

ఆకు విప్పనివ్వలేదు నేను. విప్పితే మాట పోతుందని తెలుసు, విప్పకపోతే ఏమవుతుందో తెలియదు. మేమిద్దరం రిక్షాలో, మా ఆయన సైకిల్ మీద, అలాగే ఆస్పత్రికి వెళ్ళాం. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. రిక్షా అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

డాక్టరుగారు నా మెడకున్న పేలిక చూశారు. ఆయన ముఖంలో రక్తం చుక్క లేదు. ఏమీ అడక్కుండా ముందు కత్తెరతో పేలిక కోసి ఆకు తీసేశారు. ఆ తర్వాత కోపం వచ్చింది. అంత మంచి మనిషికి అంత కోపం ఉంటుందని నాకు తెలియదు. వరండాలో జనం ఆగిపోయారు.

“ఇది చీము గొట్టం కాదమ్మా. ఈ పిల్ల ఊపిరి తీసేది ఇందులోంచి. దీన్ని మూసి గుడ్డ కట్టారంటే ఏమిటో తెలుసా మీకు? లోపల వాపు ఇంకాస్త ఉండి ఉంటే ఆ పీట మీదే పోయేది. ఎవరు కట్టారిది?”

అత్తయ్యగారు కొడుకు వైపు చూసింది. చీము పోవడానికన్నావు కదరా అంది, చాలా మెల్లిగా. మా ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఆవిడ తన రెండు చేతులూ ముందుకి తెచ్చుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది. పడిపోతుందేమోనని నాకు భయమేసింది. ఊళ్ళో పదిమంది కూలీల్ని ఒక్క చూపుతో నడిపించే మనిషి, వరండా గోడకి జారగిలబడి నేల మీద కూర్చుంది.  ఎన్నాళ్ళుగానో పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు, ఈ మనిషిని ఎవరూ ఏమీ అనకూడదనిపించింది.

డాక్టరుగారు మళ్ళీ అడిగారు. ఆకు లేదు కనక నాకు మళ్ళీ మాట లేదు. చూపుడువేలు గొట్టం మూతి మీద గట్టిగా పెట్టాను. ఏ పని బిరడాతో చేయబోతే ఆయన చొక్కా పట్టుకుని చింపబోయానో, ఆ పని నా వేలితో నేనే చేశాను. భయం గుర్తే రాలేదు.

“నేనే కట్టమన్నానండీ. ఊపిరి వస్తుందో లేదో చూద్దామని,” అన్నాను.

“మీరు చెప్పారా? ఏ గొంతుతో చెప్పారు?”

“సైగ చేశానండి.”

ఆయన నన్ను చూశారు, నేల మీద కూర్చున్న ఆవిడని చూశారు. తర్వాత తిట్లన్నీ నాకు పడ్డాయి. చదువుకున్నదానివి, ఉద్యోగం చేస్తున్నదానివి, ప్రాణంతో ఆటలా అని పావుగంట దులిపేశారు. నేను వేలు తీయకుండా, అవునండీ, తప్పండీ అంటూ నిలబడ్డాను. తిట్లు తింటూ జవాబు చెప్పగలగడం ఎంత హాయో నన్నడగండి. చివరికి సిస్టరుని పిలిచి బిరడా తెమ్మన్నారు.

ఆ రాత్రంతా బిరడాతోనే పడుకున్నాను. మర్నాడు గొట్టం తీసేశారు. కుట్లు కూడా వెయ్యలేదు, ఒంటికి తన తలుపు తనే వేసుకోవడం తెలుసు అన్నారు డాక్టరుగారు, చిల్లు మీద పట్టీ వేస్తూ. నెలాఖరులోగానే బోర్డు ముందు కూర్చున్నాను. గొంతు కాస్త బొంగురు పోయిన మాట నిజం, బందరు షావుకార్లు కొందరు ఎవరో కొత్త ఆపరేటరు వచ్చిందనుకున్నారు. సూపర్‌వైజరమ్మ ఒక పూటంతా పక్క హెడ్‌సెట్లో విని, వెళ్ళిపోతూ భుజం తట్టింది. పర్మనెంటయ్యాను.

కానీ నేను చెప్పాలనుకున్నది గొట్టం తీసిన రోజు సంగతి. ఆ వరండా దగ్గర్నుంచి అత్తయ్యగారు నాతో మాట్లాడలేదు. రాత్రంతా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూనే ఉంది. మర్నాడు రిక్షాలో ఇంటికి బయల్దేరాం.  కాలవ వంతెన దాటాక ఆవిడ, బజారు వైపే చూస్తూ అడిగింది.

“పోయిన నోరు తిరిగొచ్చింది అబద్ధమాడ్డానికా?”

 ఆ ఒక్క మాటా నా వందనీ కొట్టేసింది. ఆవిడ నా వైపు తిరిగి, నిజంగానే చంపేసేదాన్ని కదమ్మా నిన్ను అని, నా చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, నడిబజార్లో, అంతమంది చూస్తుండగా, గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.